తిత్లీ తర్వాత కొన్న ఇన్వర్టర్: ఏళ్ల తరబడి వాడాక

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దునే ఉన్న పర్లాకిమిడి. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలివాన మమ్మల్నీ వదల్లేదు. మా వీధికి మళ్లీ కరెంటు రావడానికి వారం దాటింది. ఆ దెబ్బకి డిసెంబర్‌లోనే ఇన్వర్టర్, 150 ఏహెచ్ (యాంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ ఎంత పడుతుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ కొనేశాను. ట్యూబులర్ అంటే అప్పుడప్పుడూ నీళ్లు పోయాల్సిన సీసం బ్యాటరీ.

మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు రాత్రంతా నడుస్తాయి, టెన్షన్ వద్దన్నాడు షాపతను. మొదటి వేసవిలోనే సంగతి తెలిసింది. రాత్రి పదింటికి కరెంటు పోతే, రెండున్నర అయ్యేసరికి కుయ్యిమని అరిచి ఆగిపోయింది. అమ్మ చీకట్లో విసనకర్ర వెతుక్కుంటూ, "ఇంత డబ్బు పోసింది దీనికేనా నాన్నా?" అంది.

మర్నాడు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. 12 వోల్టులు, 150 ఏహెచ్, అంటే 1800 వాట్ అవర్లు. అదంతా మన చేతికి రాదు. సీసం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా చెడుతుంది, పైగా ఇన్వర్టర్ తన వాటా తను తింటుంది. మిగిలేది సుమారు 1200. ఇక ఖర్చు: పాత ఫ్యాన్లు ఒక్కోటీ 75 వాట్లు, ఎల్‌ఈడీ బల్బులు నాలుగూ కలిపి 36, వైఫై డబ్బాకి ఓ పది. మొత్తం దాదాపు 270. నాలుగున్నర గంటలు రావడమే న్యాయం. కొనేముందు వేయాల్సిన లెక్క ఇది.

ఇంకో బ్యాటరీ పెట్టమని అందరూ అన్నారు. నేను ఫ్యాన్లు మార్చాను. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారుది) ఒకటి 30 వాట్లతో తిరుగుతుంది. లోడు సగానికి పడిపోయి, అదే బ్యాటరీ తెల్లారేదాకా లాగింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే ఖర్చు ఇదొక్కటే. ఫ్రిజ్ మాత్రం ఈ లైనుకి తగిలించలేదు, తగిలించను కూడా.

2021 వేసవిలో డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచాను. నీళ్లు తగ్గి లోపలి సీసం ప్లేట్లు బయటపడ్డాయి. ఆ తర్వాత బ్యాటరీ మునుపటిలా లేదు. తప్పు నాదే. కానీ అంతకుముందు చార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదని ఫోన్ చేస్తే, సర్వీసు మనిషి "మీది ఒడిశా, మా పరిధి కాదు" అన్నాడు. కొన్నది ఆంధ్రాలోని పాతపట్నంలో. సరిహద్దు దాటితే అదే ఊరు, సంతకి నడిచి వెళ్లొచ్చేవాళ్లం! మనవైపు వాళ్లు కొనేటప్పుడు రేటు కంటే ముందు, ఇంటికి ఎవరొస్తారో అడగండి.

2023లో బ్యాటరీ మార్చాల్సి వచ్చింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మీద మనసు పోయింది. బరువు తక్కువ, నీళ్ల బాధ లేదు, త్వరగా నిండుతుంది. కానీ నా పాత ఇన్వర్టర్‌కి లిథియం చార్జింగ్ లేదు, రెండూ మార్చే డబ్బు నా దగ్గర లేదు. మళ్లీ ట్యూబులరే తెచ్చాను. ఇప్పుడు మొదటిసారి కొనేవాళ్లయితే నా దారి పట్టకండి, మొదట్నుంచీ లిథియానికి సరిపోయేదే చూడండి.

వారం రోజులు కరెంటు లేకపోతే మాత్రం ఏ బ్యాటరీ అయినా కుండే. పోసేవాడు లేకపోతే ఒక్క రాత్రికే అడుగంటుతుంది. అందుకే డాబా మీద 165 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టాను. మంచి ఎండ ఉంటే, మూడు ఫ్యాన్లకీ లైట్లకీ మూడు నాలుగు గంటలకి సరిపడా నింపుతుంది. మబ్బుంటే ఫోన్లకి సరి. తుపాను కబురు రాగానే దాన్ని విప్పి మంచం కింద పెడతాను, గాలి తగ్గాక బిగిస్తాను. ఆ స్పానర్‌ని బ్యాటరీ పక్కనే మేకుకి వేలాడదీశాను, చీకట్లో కూడా చేతికందేలా.