జాగ్వార్‌కు డారిన్-3: చూపు పెరిగింది, ఇంజిన్ మాత్రం పాతదే

భారత వైమానిక దళంలో 1979లో చేరిన జాగ్వార్ దాడి విమానానికి ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో వీడ్కోలు చెప్పాయి. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది మనమొక్కరమే. అందువల్ల హిందుస్థాన్ ఏరోనాటిక్స్ చేపట్టిన డారిన్-3 ఆధునికీకరణను, అంటే దారి చూపే, దాడికి తోడ్పడే ఎలక్ట్రానిక్ వ్యవస్థల మార్పును, కాగితం మీది జాబితాను బట్టి కాక, విమానం నిజంగా చేయవలసిన పనిని బట్టి తూచాలి.

మొదట మంచి చెప్పాలి. నేల మీది లక్ష్యాలపై దాడికి వచ్చిన జాగ్వార్లకు అసలు రాడారే లేదు. ఉలి మొనలాంటి ముక్కులో దూరాన్ని కొలిచే లేజర్ పరికరం మాత్రమే ఉండేది. ఆ చోట ఇజ్రాయెల్ సంస్థ ఎల్టా తయారుచేసిన 2052 ఏసా రాడార్‌ను అమర్చి 2017 ఆగస్టులో తొలిసారి ఎగిరించారు. యాంటెన్నా కదలకుండానే కిరణం దిశను క్షణాల్లో మార్చగల ఈ రాడార్‌తో పాటు కొత్త మిషన్ కంప్యూటర్, ఆటోపైలట్, కాక్‌పిట్ తెరలు కూడా వచ్చాయి. ఇంత పాత విమానానికి ఈ స్థాయి చూపు దక్కడం గొప్ప విషయం, ఇందులో సందేహం లేదు.

అయితే గాలిలోనే ఇంధనం నింపే ట్యాంకర్ విమానం వెనుకకు చేరినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. మన ట్యాంకర్ ఇల్యూషిన్-78 వదిలిన గొట్టం చివర బుట్ట ఊగుతుంటుంది. జాగ్వార్ పైలట్ అద్దానికి ముందు కుడివైపున బయటికి చాచిన ఇంధన గొట్టాన్ని అందులోకి దూర్చాలి. దగ్గరయ్యేకొద్దీ తన విమానపు ముక్కు నెట్టే గాలికే బుట్ట పక్కకు జరుగుతుంది. మరీ నెమ్మదిగా వెళితే బుట్ట తగులుకోదు, వేగం మించితే ట్యాంకర్ గొట్టం కొరడాలా ఊగి జాగ్వార్ గొట్టపు కొన విరగవచ్చు. తగులుకున్న తరువాత ఇంధనం నిండేకొద్దీ విమానం బరువెక్కుతుంది. ఎత్తులో, బాంబులతో ఉన్నప్పుడు జాగ్వార్‌లోని ఆడూర్ ఇంజిన్లకు మిగిలే శక్తి తక్కువ. 2004లో మన జాగ్వార్లు ఇలాగే ఇంధనం అందుకుంటూ అలాస్కా దాకా వెళ్లి విన్యాసాల్లో పాల్గొన్నాయంటే ఆ ఘనత ప్రధానంగా పైలట్లదే.

ఈ లోటు తీర్చడానికే అమెరికా సంస్థ హనీవెల్ తయారుచేసే ఎఫ్-125 ఇంజిన్‌ను అనుకున్నారు. ఆడూర్ సుమారు 8,400 పౌండ్ల థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) ఇస్తే, అది 9,850 పౌండ్ల దాకా ఇచ్చేది. ఖర్చు భారమని 2019లో ఆ ఆలోచనను విరమించారు. ముందున్న సేవాకాలం తక్కువ కనుక ఆ లెక్కలో న్యాయం లేకపోలేదు. కానీ దూరం చూడగల విమానానికి బరువు మోసే సత్తా ఇవ్వకుండా వదిలేయడం నన్ను బాధిస్తుంది.

ట్యాంకర్ల పరిస్థితి అంతకంటే ఆందోళనకరం. 2003 నుంచి వచ్చిన ఆరు ఇల్యూషిన్లే నేటికీ ఆధారం. కొత్త ట్యాంకర్ల కొనుగోలు ప్రయత్నం రెండుసార్లు రద్దయింది. 2025లో అమెరికా ప్రైవేటు సంస్థ మెట్రియా నుంచి అద్దెకు తీసుకున్న ఒక కేసీ-135 ట్యాంకర్ పైలట్ల శిక్షణకు పనికొస్తుంది గానీ, యుద్ధ సమయంలో స్క్వాడ్రన్లకు ఇంధనం అందించడానికి చాలదు. డారిన్-3 జాగ్వార్లను ఇంకొన్నేళ్లు నడపదలిస్తే ముందు కొనవలసింది ట్యాంకర్లనే.