డిసొలేషన్ వైల్డర్‌నెస్: చాలా ఏళ్లుగా వెళ్తున్నవాడిగా నా రివ్యూ

కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే మనవాళ్లలో లేక్ టాహో చూడనివాళ్లు తక్కువ. ఎమరాల్డ్ బే దగ్గర ఫొటోలు దిగి, సౌత్ లేక్‌లో ఓ రాత్రి ఉండి వచ్చేస్తారు. ఆ ఎమరాల్డ్ బే రోడ్డుకు పడమటి వైపు కొండల్లోనే డిసొలేషన్ వైల్డర్‌నెస్ ఉంది. పెళ్లికి ముందు రూమ్మేట్లతో వెళ్లాను, తర్వాత మా ఆవిడతో, ఇప్పుడు పిల్లలతో వెళ్తున్నాను. యోసెమిటీ కూడా బాగానే తిరిగాం. అయినా టెంటు మోసుకెళ్లి కొండల్లో పడుకోవాలని ఏ కుటుంబమైనా మొదటిసారి అనుకుంటే, నేను ముందు దీని పేరే చెబుతాను. ఇక్కడ ఒక సరస్సుకీ ఇంకో సరస్సుకీ దూరం తక్కువ. "ఇంకా ఎంతసేపు నాన్నా" అని పిల్లలు రెండోసారి అడిగేలోపే నీళ్లు కనిపిస్తాయి.

సుమారు 64 వేల ఎకరాల ఈ ప్రాంతాన్ని 1969లో వైల్డర్‌నెస్‌గా, అంటే చట్టప్రకారం సహజంగానే ఉంచే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఫారెస్ట్ సర్వీస్ చూసుకుంటుంది. లోపల రోడ్డు, షాపు, కరెంటు, బాత్రూమ్ ఏవీ ఉండవు. సైకిల్ తేకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. అవసరానికి నీళ్లకూ దారికీ దూరంగా వెళ్లి, చిన్న పారతో కనీసం 6 అంగుళాల గొయ్యి తీసుకోవాలి. ఇది ఇబ్బంది అనిపించేవాళ్లు పగలు నడిచి సాయంత్రానికి హోటల్‌కి వచ్చేయడం మంచిది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లాలంటే ఈగిల్ లేక్ ఉంది. ఎక్కేది ఒక మైలు, దిగేది ఒక మైలు. మెట్లున్నచోట మోకాళ్ల నొప్పులవాళ్లు మెల్లగా నడవాలి, అంతే. అక్కడ కష్టమల్లా పార్కింగే. వేసవి వారాంతంలో ఉదయం 8 దాటితే చోటు దొరకడం కష్టం.

నాకు ప్రాణం మాత్రం లేక్ అలోహా. ఎకో లేక్స్ దగ్గర బయల్దేరితే ఒకవైపు 6 మైళ్లు. వేసవిలో పడవ నడుస్తుంటే ఎకో లేక్స్ మీదుగా అవతలి ఒడ్డుకు చేరి రెండున్నర మైళ్ల దాకా నడక తగ్గించుకోవచ్చు. అయితే సీజనంతా పడవ ఉంటుందన్న భరోసా లేదు, ముందే కనుక్కోండి. 8,100 అడుగుల ఎత్తున ఉండే అలోహా నిజానికి చిన్న ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపిన చోటు. అందుకే ఏ నెలలో వెళ్లారన్న దాన్నిబట్టి మీరు చూసే సరస్సు వేరుగా ఉంటుంది. జూన్‌లో చాలా ఏళ్లు మంచే ఉంటుంది. జూలైలో నిండుగా, నీలంగా, నడుమ వందల కొద్దీ రాతి దిబ్బలతో మెరుస్తుంది. లోతు తక్కువ కాబట్టి చుట్టుపక్కల సరస్సులకన్నా నీళ్లు కాస్త వెచ్చగా ఉంటాయి. మా పిల్లలు ఒక దిబ్బ నుంచి ఇంకో దిబ్బకు ఈదుకుంటూ పోతారు, పిలిచినా బయటికి రారు. వేసవి చివరికి నీళ్లు కిందికి వదిలేస్తారు, అప్పుడు విడివిడి మడుగులే మిగులుతాయి. ఫొటోలు చూసి సెప్టెంబర్ చివర్లో వెళ్లినవాళ్లు నిరుత్సాహపడతారు. ఆ నెలలో అయితే సూసీ లేక్, గిల్మోర్ లేక్ వైపు వెళ్లమని చెబుతాను.

జూలైకి ఉన్న శాపం దోమలు. మంచు కరిగిన తడిలో గుంపులుగా లేస్తాయి. సాయంత్రం తలకు వల లేకుండా భోజనం చేయలేం. ఆగస్టు మధ్యకు తగ్గుతాయి, కానీ అది కార్చిచ్చుల కాలం. 2021లో కాల్డోర్ మంటలప్పుడు టాహో చుట్టూ పొగ ఎలా కమ్మిందో అందరికీ గుర్తే. బయల్దేరే ముందు గాలి నాణ్యత చూసుకోవడం మాకు అలవాటైపోయింది.

పర్మిట్ పగటి నడకకూ కావాలి, రాత్రి బసకూ కావాలి. మెమోరియల్ డే (మే చివరి సోమవారం) ముందు శుక్రవారం నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి బసకు కోటా ఉంటుంది. మొదటి రాత్రి ఏ జోన్‌లో పడుకుంటారో ముందే చెప్పాలి. అలోహా జోన్‌కి శుక్ర, శనివారాలు చాలా త్వరగా నిండిపోతాయి. ఆదివారం రాత్రికి వెతకండి, ఒకరోజు సెలవు పెట్టినా నష్టం లేదు.

ఇక తిండి. మనవాళ్లు ఎక్కువగా తంటాలు పడేది ఇక్కడే. ఈ ఎత్తులో నీళ్లు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకాలంటే గ్యాస్ డబ్బా ఖాళీ అవుతుంది. మేం ఇంట్లోనే రవ్వ వేయించి, పోపు కలిపి సంచుల్లో కట్టుకుంటాం. వేడినీళ్లు పోసి మూతపెడితే ఉప్మా అయిపోతుంది. మొదటిరోజుకి పులిహోర చాలు. కట్టెల మంటకు ఏడాది పొడవునా అనుమతి లేదు, స్టవ్ ఒక్కటే. క్యాంప్‌ఫైర్ లేదని కొందరు నసుగుతారు. నాకైతే ఆ నిబంధన చాలా ఇష్టం. మంట వెలుగూ పొగా లేకపోతే పాలపుంత ఆ చివర నుంచి ఈ చివరదాకా కనిపిస్తుంది.

తిండి మొత్తం ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి, ఇది తప్పనిసరి. మా పెద్ద డబ్బా ఖాళీగానే కిలో పైన బరువుంటుంది. వాసన వచ్చేదేదైనా అందులోకే వెళ్లాలి: టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునేది, మా ఆవిడ కొబ్బరినూనె సీసా, పచ్చడి పొట్లం. మొదటిరాత్రి మూత పెట్టడానికి ఒకరు నొక్కితే ఒకరు తిప్పాలి. రాత్రికి దాన్ని టెంటుకు దూరంగా, నీళ్లలోకి దొర్లిపోకుండా రాళ్ల మధ్య ఇరికిస్తాం. ఎలుగు కన్నా మార్మట్లతో (ఉడుత జాతికి చెందిన పెద్ద జంతువులు) బాధ ఎక్కువ. చెమట ఉప్పు కోసం బ్యాగు పట్టీలు కొరికేస్తాయి, బూట్లు బయట వదలకండి.

నీళ్లు అద్దంలా ఉన్నా వడగట్టే తాగాలి, కడుపు పాడుచేసే జియార్డియా అనే సూక్ష్మజీవి భయం ఉంది. చలి రాత్రుల్లో ఫిల్టర్ గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి, పైకి తెలియదు కూడా. పడుకునేటప్పుడు దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకోవడం మా ఇంట్లో నియమం.

నడిచే ఓపిక ఉన్నవాళ్లు మౌంట్ టాలక్ వదలకండి. 9,735 అడుగుల శిఖరం, ఎక్కడం 3 వేల అడుగుల పైనే. పైనుంచి ఒకవైపు టాహో, కింద ఫాలెన్ లీఫ్ సరస్సు, వెనక తెల్లటి గ్రానైట్ లోయలు. మధ్యాహ్నం మబ్బు పట్టకముందే దిగడం మొదలుపెట్టాలి, శిఖరం మీద పిడుగులకు దాక్కునే చోటు లేదు.

నా లెక్కలో ఐదుకు నాలుగున్నర. తగ్గిన అర పార్కింగ్‌కి, దోమలకి. మొదటిసారి వెళ్తుంటే ఆగస్టు రెండోసగంలో రెండు రాత్రులు పెట్టుకోండి. కోటా గొడవ వద్దంటే అక్టోబర్ మొదటివారం, కానీ అప్పుడు సున్నా డిగ్రీల సెల్సియస్ చలికి పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్ ఉండాలి, పర్మిట్ మాత్రం అప్పుడూ తీసుకోవాల్సిందే.