నటసామ్రాట్ చూడాలా, రంగమార్తాండ చూడాలా?

కథ ఒకటే. పేరున్న రంగస్థల నటుడు రిటైరై ఉన్నదంతా పిల్లలకు పంచేస్తాడు, చివరికి వాళ్లిళ్లలోనే పరాయివాడవుతాడు. మూలం శిర్వాడ్కర్ మరాఠీ నాటకం.

2016లో మహేశ్ మంజ్రేకర్ తీసిన మరాఠీ సినిమా 'నటసామ్రాట్'లో నానా పటేకర్ నటన మొరటుగా, పచ్చిగా ఉంటుంది. ఇల్లొదిలిన ముసలాయన రోడ్డున పడి, బూట్ పాలిష్ చేసేవాడి పంచన చేరే భాగం చూస్తుంటే ఊపిరాడదు. భాష రాకపోయినా సబ్‌టైటిల్స్‌తో చూసేయొచ్చు. కాకపోతే ఆ పొడుగాటి స్వగతాల సొగసు సగం జారిపోతుంది.

2023 ఉగాదికి వచ్చిన కృష్ణవంశీ 'రంగమార్తాండ' కొంచెం మెలోడ్రామా ఎక్కువే. ప్రకాశ్‌రాజ్ బాగా చేశారు, కానీ నాకు గుర్తుండిపోయింది బ్రహ్మానందం. నవ్వించడం తప్ప ఇంకేం చేస్తారులే అనుకున్న మనిషి ఆసుపత్రి సీన్‌లో గొంతు పట్టేసేలా చేశారు! కథానాయకుడు అక్కడ భార్యను 'సర్కార్' అంటాడు, ఇక్కడ 'రాజుగారు'. ఆ ఒక్క పిలుపుతోనే కథ మనింటికి వచ్చేసింది. ఇళయరాజా సంగీతం సరేసరి.

అమ్మానాన్నలతో కూర్చుని చూసేట్టయితే తెలుగుది పెట్టండి. ఒక్కరే ఉంటే మరాఠీది.