ఆరువందల యాభై రూపాయల బ్రేక్ ప్యాడ్లు: సుంకి ఘాటు రోడ్డు దాకా బాగానే ఉన్నాయి

రెండు మూడేళ్ళ కిందట ఈ ప్యాడ్లని అడిగినవాళ్ళ దగ్గరా అడగనివాళ్ళ దగ్గరా తెగ పొగిడాను. మూడో వంతు ధర, శబ్దం రాదు, చక్రాలకి నల్లపొడి అంటుకోదు, ఇంకేం కావాలి అన్నాను. నా మాట మీద ముగ్గురు వేయించుకున్నారు, అందులో మా బావమరిది ఒకడు. ఆ పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది జయపురం, కొరాపుట్ జిల్లా. కారు పాత వ్యాగన్ ఆర్, సెకండ్ హ్యాండులో కొన్నది, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేనిది. ముందు చక్రాల ప్యాడ్లు (బ్రేకు తొక్కితే చక్రంతో తిరిగే డిస్క్ ప్లేటుని నొక్కి పట్టి ఆపేవి) అరిగిపోయాయని మెకానిక్ చెబితే మెయిన్ రోడ్డులో స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళాను. కంపెనీ సెట్టు 1,900 అన్నాడు. నా మొహం చూసి కింద అరలోంచి ఇంకో పెట్టె తీసి 650 అన్నాడు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు, పెట్టె మీద మాత్రం రేసు కారు బొమ్మ. పనిచేస్తుందా అంటే "చళిబ ఆగ్యా" అన్నాడు. ఒడియా రానివాళ్ళకి చెబుతున్నా, చళిబ అంటే నడుస్తుంది, సరిపోతుంది అని, ఆగ్యా అంటే అండీ అని. మా ఊళ్ళో సగం వ్యాపారం ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. నేనూ నా షాపులో రోజుకి పదిసార్లు అంటాను, అందుకని అతన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

మొదటి ఏడాది నిజంగానే ఏ ఫిర్యాదూ లేదు. కొత్త ప్యాడ్లు కదా అని మొదటి రెండు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా జాగ్రత్తగా నడిపాను. ఊళ్ళో తిరగడం, నెలకి రెండుసార్లు నవరంగపూర్, అప్పుడప్పుడు కొరాపుట్. కొరాపుట్ ఘాటు, అంటే కొండ రోడ్డు, దిగి ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఏమీ తేడా తెలియలేదు, అయితే అప్పుడు కారులో నేనొక్కణ్ణే, డిక్కీ ఖాళీ. ఈ ముక్క అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, నాకే తట్టలేదు.

ఇక సంక్రాంతి సంగతి. మా అత్తవారిది బొబ్బిలి. ఇక్కణ్ణుంచి వెళ్ళాలంటే కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి దాటి సుంకి మీదుగా సాలూరులో దిగాలి. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడు 26. కొరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంటే సాలూరు కింద మైదానంలో ఉంటుంది, ఆ ఎత్తులో చాలా భాగం ఘాటులోనే దిగిపోతాం. భోగికి ముందురోజు బయల్దేరాం. నేను, మా ఆవిడ, పాప, మా అమ్మ, మా పిన్ని. డిక్కీలో కుందులి సంతలో కొన్న అల్లం బస్తా, కాలాజీరా బియ్యం రెండు సంచులు, బట్టల బ్యాగులు. కారు వెనక భాగం కిందికి కూర్చుండిపోయింది, చూస్తే నవ్వొచ్చేలా.

పొట్టంగి దాటాక దిగుడు మొదలయ్యాక ముందు ఒక లారీ తగులుకుంది. దాని వెనకే వంపు వంపుకీ బ్రేకు తొక్కుతూ, వదులుతూ, మళ్ళీ తొక్కుతూ దిగుతున్నాను. కాసేపటికి మా ఆవిడ "ఏదో కాలుతున్న వాసన వస్తోందండీ" అంది. ముందు లారీదిలే అన్నాను. ఆ ఘాటులో లారీ బ్రేకుల వాసన ఎప్పుడూ ఉండేదే, ఆ దారిన తిరిగినవాళ్ళెవరైనా అదే అంటారు. రోడ్డు కాస్త వెడల్పున్న చోట లారీని దాటేశాను. వాసన కూడా మాతోపాటే వచ్చింది.

తర్వాతి వంపులో బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా గట్టిగా ఉంది. కిందికి దిగిపోలేదు, మెత్తబడలేదు, ఎప్పటికన్నా గట్టిగానే ఉంది, కానీ కారు మాత్రం తన దారిన తను పోతోంది. ఇంకా బలంగా తొక్కాను, సీటులోంచి లేచినంత పనిచేసి తొక్కాను. వేగం తగ్గుతోంది గానీ ఆ వంపుకి సరిపోయేంత తగ్గడం లేదు. థర్డులోకి, వెంటనే సెకండులోకి లాగితే ఇంజను అరిచింది, వెనక సీట్లో మా పిన్ని అంతకన్నా గట్టిగా అరిచింది. హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగాను, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారతాయని ఎక్కడో విన్నది ఆ క్షణంలో గుర్తొచ్చింది. అదృష్టం ఏంటంటే అక్కడ కొండ మావైపే ఉంది. పక్కన కాలువ గట్టుకి ఎడమ చక్రాలు రాసుకుంటూ వెళ్ళి ఆగింది.

దిగి చూస్తే ముందు రెండు చక్రాల్లోంచీ పొగ. నీళ్ళ సీసా తీసుకుని పొయ్యబోతున్నాను, ఇందాక మేం దాటిన లారీ వచ్చి పక్కనే ఆగింది. డ్రైవరు సాలూరు మనిషి, యాభై దాటి ఉంటాయి. "నీళ్ళు పొయ్యకు బాబూ, ప్లేటు పగిలిపోద్ది" అని కిటికీలోంచే అరిచాడు. దిగి వచ్చి చక్రం దగ్గర వంగి వాసన చూసి, "ఏ గేర్లో దిగుతున్నావు?" అన్నాడు. థర్డు అన్నాను. అబద్ధం. ఫోర్తులో దిగుతున్నాను, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని. మా ఆవిడ నా వైపు చూసింది గానీ ఏమీ అనలేదు. ఆయన మాత్రం "ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ముప్పావు గంట ఆగాం. మధ్యలో ఒకసారి పెడల్ తొక్కి చూస్తే ఈసారి మెత్తగా, దూదిలో కాలు పెట్టినట్టు, కింద దాకా వెళ్ళిపోయింది. ఆ మెత్తదనానికి, ఇందాకటి గట్టిదనానికి తేడా ఏంటో నాకు అప్పుడు తెలియదు. చల్లారాక పెడల్ మామూలుగా అయింది. ఫస్టులో, సెకండులో నడక వేగంతో సాలూరు చేరాం. అది లారీల ఊరు, బాడీ కట్టే షెడ్లు, బ్రేకు పనివాళ్ళు, దేనికీ వెతుక్కోనక్కర్లేదు. మా కారు విప్పిన కుర్రాడికి పాతికేళ్ళుంటాయి.

ప్యాడ్లు బయటికి తీస్తే పైభాగం నల్లటి అద్దంలా మెరుస్తోంది. ఎడమ చక్రం లోపలి ప్యాడు ఒక మూల ఇనప రేకు నుంచి లేచిపోయి, సందులో గోరు దూరేంత ఖాళీ ఉంది. డిస్క్ ప్లేట్లు నీలంగా మారి గీతలు పడ్డాయి. ఆ కుర్రాడు చెప్పింది నా మాటల్లో: ప్యాడ్లో ఉండేది రకరకాల పొడులు కలిపి జిగురుతో అతికించిన ముద్ద. తన హద్దు దాటి వేడెక్కితే ఆ జిగురు కాలి గ్యాసు వదులుతుంది, అది ప్యాడుకీ ప్లేటుకీ మధ్య పొరలా నిలుస్తుంది. అందుకే పెడల్ గట్టిగా ఉన్నా బ్రేకు పట్టదు. మంచి ప్యాడుకీ ఒక హద్దు ఉంటుంది, కాకపోతే దానిది చాలా దూరంలో ఉంటుంది. నా 650 రూపాయల సెట్టుది ఆ ఘాటు మధ్యలోనే ఉంది.

తర్వాత బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాడు. టీ డికాక్షన్ రంగు. "ఎప్పుడు మార్చారు సార్?" అంటే చెప్పలేకపోయాను, కారు కొన్నాక అసలు మార్చిందే లేదు. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుందట. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, 155. మా కొరాపుట్ వానల్లో నాలుగేళ్ళున్న ఆయిల్లో తేమ ఎంత ఉంటుందో ఊహించుకోండి. రెండోసారి పెడల్ మెత్తబడింది ప్యాడ్ల వల్ల కాదు, ఆయిల్ మరిగి బుడగలు కట్టడం వల్ల, తొక్కిన బలం చక్రాల దాకా చేరకుండా ఆ బుడగల్ని నొక్కడానికే పోయింది. అంటే తప్పు మొత్తం ఆ పెట్టె మీదకి తోసెయ్యలేను. మొదటి దెబ్బ ప్యాడ్లది, రెండోది నాది. ఫోర్త్ గేరు కూడా నాదే. ఇంజను ఆపేసి దిగేవాళ్ళు కూడా ఉంటారు పెట్రోలు కోసం, ఇంజను ఆగితే మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ సాయం బ్రేకుకి పోతుందని తెలియక. కనీసం ఆ పని చెయ్యలేదు.

శబ్దం రాదని పొగిడానని చెప్పాను కదా. ఆ కుర్రాడు షాపులోంచి తెచ్చిన కొత్త ప్యాడ్ల పక్కన నా పాతవి పెట్టి చూపించాడు. కొత్తవాటికి ఒక చిన్న ఇనప నాలుక ఉంది, ప్యాడు అరిగిపోయే సమయానికి అది ప్లేటుకి తగిలి కీచుమంటుంది, మార్చమని చెప్పడానికి. నా వాటికి అది లేనే లేదు. రెండేళ్ళూ నేను ఆనందించిన నిశ్శబ్దంలో కొంత దానివల్లే.

ఇంకోటి కూడా అక్కడే తెలిసింది. చాలా మంచి ప్యాడ్ల అంచు మీదో వెనక రేకు మీదో రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి, ఎఫ్ ఎఫ్, జీ ఎఫ్ అలా. మొదటిది మామూలు వేడిలో ఎంత పట్టుకుంటుందో, రెండోది బాగా వేడెక్కాక ఎంత పట్టుకుంటుందో చెబుతుంది. ఆ పట్టుని ఘర్షణ గుణకం అనే అంకెతో కొలుస్తారు: ఈ (E) అక్షరం అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎన్నాళ్ళు మన్నుతుందో అది చెప్పదు. కానీ ఘాటు మనుషులకి ఆ రెండో అక్షరమే ముఖ్యం. నా వాటి మీద ఏ అక్షరమూ లేదు, పెట్టె మీద రేసు కారు తప్ప.

ఖర్చు: ప్యాడ్లు 1,150, డిస్క్ ప్లేట్ల జత 2,800, బ్రేక్ ఆయిల్ 350, కూలి 500. పండగ ముందురోజు కదా, బేరం ఆడే మొహం కూడా లేదు. 1,250 మిగుల్చుకున్నానని రెండేళ్ళు సంబరపడ్డవాణ్ణి 4,800 ఇచ్చి వచ్చాను.

అయినా ఇప్పుడు వేయించుకున్నవి కూడా కారు కంపెనీ పెట్టెలోవి కావు. బయట పార్టు అనగానే నకిలీ అని నేను అనను. బ్రేక్స్ ఇండియా, రాణే లాంటి సంస్థలు వాహనాల కంపెనీలకీ సరఫరా చేస్తాయి, తమ పెట్టెల్లో బయటా అమ్ముతాయి. సాలూరు కుర్రాడు వేసింది అలాంటి ఒక కంపెనీదే. ఎనిమిది నెలలు, పదకొండు వేల కిలోమీటర్లు, సుంకి ఘాటు పది పన్నెండుసార్లు, ఒకసారి మళ్ళీ అల్లం బస్తాతో. వాసన రాలేదు. వానలో పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి గరగర అంటాయి, చక్రాలు వారానికే నల్లబడతాయి. ఒకప్పుడైతే ఈ రెంటికీ మార్కులు తగ్గించేవాణ్ణి. ఇప్పుడు గేరు కూడా సెకండే, అది కూడా లెక్కలో వేసుకోండి, మొత్తం ఘనత ప్యాడ్లకే ఇవ్వకండి.

వెనక చక్రాల డ్రమ్ముల్లో ప్యాడ్ల పని చేసే లైనర్లు మాత్రం ఇప్పటికీ ఆ చౌక రకమే. అప్పుడే 400కి వేయించాను, సాలూరులో విప్పి చూస్తే శుభ్రంగా ఉన్నాయి, ఉంచెయ్యమన్నాను. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది కాబట్టి వాటికి అంత పరీక్ష రాలేదేమో. ఆయిల్ ఒత్తిడితో ఆ లైనర్లని నెట్టే వీల్ సిలిండర్‌కి రబ్బర్ల కిట్టు 80 రూపాయలది వేస్తే మాత్రం నాలుగో నెలకే ఆయిల్ కారింది. రబ్బరు దగ్గర ఇక చౌక జోలికి పోను.

కొనొచ్చా వద్దా అని అడిగితే నా దగ్గర తిన్నని జవాబు లేదు. నాకు నెలకోసారి ఘాటు, కారు నిండా జనం, కాబట్టి నాకు వద్దు. పార్వతీపురంలోనో గుణుపురంలోనో ఇల్లూ ఆఫీసూ బడీ తిరిగే కారుకి అవి రెండేళ్ళు ఏ గొడవా లేకుండా నడిచి ఉండేవేమో, నాకూ మొదటి ఏడాది నడిచాయిగా. కాకపోతే మైదానంలో తిరిగేవాళ్ళూ ఏదో ఒకరోజు పిల్లల్ని తీసుకుని కొండెక్కుతారు, ఆ రోజు ప్యాడ్ల సంగతి గుర్తుంటుందా అన్నదే నా అనుమానం.

మా బావమరిది విజయనగరంలో ఉంటాడు. అవే ప్యాడ్లు, పద్దెనిమిది వేలు తిరిగాయి. మార్చుకోరా బాబూ అని నాలుగుసార్లు ఫోన్ చేశాను. "బానే ఆగుతోంది బావా, మీరే పొగిడారుగా" అంటాడు. వచ్చే కార్తీకంలో అందరినీ అరకు తీసుకెళ్తానని మొదలుపెట్టాడు. అరకు అంటే అనంతగిరి ఘాటు దిగి రావాలి. నీ కారు వద్దు, నా కారులో వెళ్దాం అన్నాను. ఫోన్లో ఒక్క క్షణం ఏమీ వినపడలేదు, తర్వాత "మీ కారా బావా?" అని ఒకటే నవ్వు.