సుడిదోమను తట్టుకునే వరి: ఒకే జన్యువా, జన్యువుల కలయికా?

వరి దుబ్బును విడదీసి చూస్తే, నీటి మట్టానికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తున్న సుడిదోమలు కనిపిస్తాయి. ఉధృతి పెరిగితే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది.

దీన్ని ఒకే బలమైన జన్యువుతో ఎదుర్కోవడం శాస్త్రవేత్తలకు సులువు, ఎందుకంటే ఆ గుణం వచ్చిందో లేదో నారు దశలోనే దోమలను వదిలి తేల్చుకోవచ్చు. అయితే అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1973లో విడుదల చేసిన ఐఆర్ 26 అనే వంగడంలోని బీపీహెచ్ 1 అనే నిరోధక జన్యువు కొద్ది సంవత్సరాల్లోనే దోమకు లొంగిపోయింది. తట్టుకోలేని దోమలు చనిపోగా, తట్టుకోగలిగిన కొద్దిపాటి దోమల సంతతే చేనంతా నిండింది. సుమారు నెలకో తరం పూర్తిచేసుకునే పురుగుకు ఇదేమంత కష్టం కాదు.

1985లో వచ్చిన ఐఆర్ 64లో అదే బీపీహెచ్ 1కు తోడుగా చిన్న ప్రభావం గల జన్యువులు కూడా ఉన్నాయి. ఆ మొక్క దోమకు అంతగా రుచించదు, దానిపై సంతతి నెమ్మదిగా పెరుగుతుంది, రసం కోల్పోయినా మొక్క కొంతవరకు ఓర్చుకుంటుంది. ఈ నిరోధకత మధ్యస్థమే అయినా ఎక్కువ కాలం నిలిచింది, అందుకే నా మొగ్గు దీనివైపే. ఇన్ని జన్యువులను ఒకేచోట చేర్చడం శ్రమే గానీ, కావలసిన జన్యువు మొక్కలో ఉందో లేదో చూపే డీఎన్ఏ మార్కర్లు (గుర్తులు) ఆ పనిని చాలావరకు తేలిక చేశాయి. ఏ వంగడమైనా సరే, విచక్షణ లేకుండా మందు కొట్టి, దోమలను తినే సాలీళ్లను చంపుకుంటే దోమకే మేలు జరుగుతుంది.