తెలుగు పనికి కొత్త ల్యాప్‌టాప్: మూడేళ్లకు పైగా వాడిన తర్వాత సమీక్ష

ల్యాప్‌టాప్ సమీక్షలు చాలావరకు పెట్టె తెరిచిన వారంలోపే వెలువడతాయి. ప్రాసెసర్ వేగాన్ని, తెర వెలుగును కొలిచి మార్కులు వేసి ముగిస్తారు. ఆ కొలతలు కొనేముందు పనికివస్తాయి కాని, కొన్న యంత్రం ఏళ్ల తరబడి మనకు ఎలా అక్కరకు వస్తుందో చెప్పలేవు. మూడేళ్లకు పైగా ఒకే ల్యాప్‌టాప్ మీద పని చేసిన తర్వాత నాకు కలిగిన నిశ్చితాభిప్రాయం ఏమిటంటే, యాభై వేల రూపాయల తరగతిలో యంత్రానికీ యంత్రానికీ ఉన్న తేడా కంటే, దాన్ని మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎంత శ్రద్ధగా అమర్చుకున్నామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. నేను ఖమ్మంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. పాఠాలు, ప్రశ్నపత్రాలు, వ్యాసాలు, ఇతరుల పుస్తకాల ప్రూఫులు అన్నీ దీనిమీదే నడుస్తాయి. కాబట్టి ఈ సమీక్ష ముఖ్యంగా తెలుగులో పని చేసుకునేవారికి.

యంత్రం కూర్పు ఇది: రైజెన్ 5 5500యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర, విండోస్ 11 హోమ్. ఈ ధరలో దొరికే నాలుగైదు కంపెనీల నమూనాలు దాదాపు ఇలాగే ఉంటాయి కనుక కంపెనీ పేరు చెప్పడం లేదు. 512 జీబీ అని పెట్టెమీద ఉన్న డిస్కు విండోస్‌లో 476 జీబీగా కనిపిస్తే మోసపోయామని కొందరు దుకాణానికి పరుగెత్తుతారు. తయారీదారులు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున మూడుసార్లు భాగిస్తుంది. తేడా అక్కడిదే, డిస్కు ఎక్కడికీ పోలేదు.

పెట్టె తెరిచాక పవర్ బటన్ నొక్కేముందు చేయవలసిన పని ఒకటుంది. పెట్టెమీది సీరియల్ నంబరు, యంత్రం అడుగున ఉన్న నంబరు, బిల్లుమీది నంబరు మూడూ ఒకటేనా అని చూసి ఫోటో తీసి పెట్టుకోవాలి. వారంటీ ఎప్పటినుంచి ఎప్పటివరకు ఉందో కంపెనీ వెబ్‌సైటులో అదే నంబరుతో సరిచూసుకోవచ్చు. కొన్న తేదీకీ అక్కడ కనిపించే తేదీకీ పొంతన కుదరకపోతే బిల్లు పంపి అప్పుడే సరిచేయించుకోవడం తేలిక. రెండేళ్ల తర్వాత కష్టం. అలాగే ఛార్జర్‌ను ఎర్తు సరిగ్గా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టాలి. పాత ఇళ్లలో ఎర్తు లేని సాకెట్‌కు పెడితే లోహపు మూత మీద చెయ్యి ఆనించినప్పుడు జివ్వుమంటుంది. అది ల్యాప్‌టాప్ లోపమని చాలామంది అనుకుంటారు గాని, చాలాసార్లు చూడవలసింది ఇంటి వైరింగును.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు విండోస్ 11 హోమ్ ఇంటర్నెట్‌నూ మైక్రోసాఫ్ట్ ఖాతానూ అడుగుతుంది. దేశం భారతదేశమనీ, కీబోర్డు ఇంగ్లీషు ఇండియా అనీ ఎంచుకోవడం మంచిది; ఆ కీబోర్డులో కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే రూపాయి గుర్తు వస్తుంది, బిల్లులూ ఫీజు రసీదులూ రాసేవారికి ఇది రోజూ పనికివచ్చే సదుపాయం. ఖాతాతో లోపలికి వెళ్లాక మన ఫోల్డరుకు ఈమెయిల్ చిరునామాలోని మొదటి ఐదు అక్షరాలే పేరుగా పడతాయి. తెగిపోయినట్టున్న ఆ పేరును తర్వాత మార్చబోవడం అనవసరపు చిక్కులు తెస్తుంది కనుక అలాగే వదిలేయడం మేలు. మన ఫైళ్లకు మాత్రం తెలుగులో పేర్లు పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. నా ఫోల్డర్లన్నీ తెలుగు పేర్లతోనే ఉన్నాయి, ఇన్నేళ్లలో ఇబ్బంది రాలేదు.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండు లేక ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. కొత్త యంత్రం వెంటనే అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడుతుంది, రోజుకు 1.5 జీబీ వచ్చే పథకం గంటలోపే ఖర్చైపోవచ్చు. వైఫై అమరికల్లో ఆ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా (డేటాకు పరిమితి ఉన్నదిగా) గుర్తు పెడితే పెద్ద అప్‌డేట్లు ఆగుతాయి. అయితే వాటిని శాశ్వతంగా ఆపడం భద్రతకు మంచిది కాదు; కళాశాలలోనో బంధువుల ఇంట్లోనో మంచి నెట్ దొరికిన రోజున అన్నీ ఒకేసారి పూర్తి చేసుకోవాలి.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది రికవరీ కీ గురించి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లగానే డిస్కులోని సమాచారం దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారిపోతుంది. యంత్రం దొంగలపాలైనా మన ఫైళ్లను ఎవరూ చదవలేరు కనుక అది మంచి ఏర్పాటే. దానికి 48 అంకెల తాళంచెవి ఒకటి ఉంటుంది, అదే రికవరీ కీ. అది మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుందని చాలామందికి తెలియదు. మామూలు రోజుల్లో దాని అవసరమే రాదు. యంత్రంలోని భద్రతా చిప్ మారినప్పుడో, ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్పు జరిగినప్పుడో నీలి తెర మీద ఆ 48 అంకెలు అడుగుతుంది, అవి లేనిదే ఒక్క ఫైలు కూడా చేతికి రాదు. మొదటి రోజే ఖాతా పేజీలోని పరికరాల విభాగానికి వెళ్లి ఆ కీని కాగితం మీద అచ్చు తీసి, బిల్లుతో పాటు బీరువాలో పెట్టాను. రెండో ఏడాదిలో మదర్‌బోర్డు పాడై సర్వీసు కేంద్రంలో మార్చవలసి వచ్చింది. కొత్త బోర్డుతో యంత్రం తెరవగానే అది కీ అడిగింది. కాగితం చూసి అంకెలు కొట్టాను. పరీక్షల వేళకు సిద్ధం చేసుకున్న ప్రశ్నపత్రాలన్నీ యథాతథంగా కనిపించాయి. అదే బల్ల దగ్గర, అదే స్థితిలో, ఏ ఈమెయిల్‌తో ఖాతా తెరిచారో గుర్తులేక, దుకాణంవాళ్లే తెరిచిపెట్టారని చెబుతూ ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. మనవరాలి పెళ్లి ఫోటోలు అందులో ఉన్నాయట. ఆ దృశ్యం చూశాక, కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారు ఎవరు కనిపించినా ముందుగా అడిగేది ఆ కీ దాచుకున్నారా అనే. ఖాతాను దుకాణంవారి చేత తెరిపించవద్దు. మన ఈమెయిల్‌తో, మన ఫోను నంబరుతో మనమే తెరవాలి.

మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ విషయం క్లుప్తంగా: అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫోటోల ఫోల్డర్లను తనలోకి తీసుకుంటానని అడుగుతుంది, ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. నేను పాఠాల ఫోల్డరు ఒక్కటే అందులో ఉంచి, తక్కినవి నెలకోసారి బయటి హార్డ్ డిస్కుకు ఎక్కిస్తాను. యంత్రంతో పాటు మైక్రోసాఫ్ట్ ఆఫీసు (వర్డ్ వంటి ప్రోగ్రాములు) వచ్చి ఉంటే దాన్ని ఖాతాకు జతచేసుకునే గడువు ఉంటుంది కనుక వెంటనే చేసుకోవాలి. ప్రయత్నకాలపు యాంటీవైరస్ ఏదైనా ముందే ఎక్కించి ఉంటే తీసేయవచ్చు. విండోస్‌లో ఉన్న డిఫెండర్ నా అవసరానికి సరిపోయింది.

తెలుగు రాతకు ఏర్పాట్ల విషయానికి వస్తే, సెట్టింగ్స్‌లో సమయం, భాష విభాగంలో తెలుగును చేరిస్తే రెండు పద్ధతుల కీబోర్డులు అందుబాటులోకి వస్తాయి: ఒకటి భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అయిన ఇన్‌స్క్రిప్ట్, రెండోది ఉచ్చారణను బట్టి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్. విండోస్ మీటతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైనవారు ఫొనెటిక్‌తో ఆ రోజే పని మొదలుపెట్టవచ్చు. నేను కూడా విద్యార్థులకు మొదట దాన్నే చూపిస్తాను. కాని రోజూ పేజీలకు పేజీలు రాసేవారు కొద్ది వారాలు ఓపిక పట్టి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలని నా గట్టి సలహా. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. కె మీట మీద క, డి మీట మీద పొల్లు. రెండు చేతులూ వంతులవారీగా కదలడం వల్ల రాత వేగం పెరుగుతుంది. తెర చూపించే సూచనల్లోంచి మాటను ఏరుకోవలసిన అవసరం లేదు కనుక ధ్యాస వాక్యం మీదే ఉంటుంది.

ప్రాచీన కావ్యాలు చెప్పేవారికి ఇన్‌స్క్రిప్ట్‌లో మరో సుఖం ఉంది. ఎక్స్ మీటతో సున్న పడుతుంది, షిఫ్ట్ పట్టుకుని అదే మీట నొక్కితే అరసున్న. జె మీటతో ర, షిఫ్ట్‌తో బండి ఱ. పద్యాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించవలసినప్పుడు వీటికోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. నేర్చుకునే రోజుల్లో విండోస్, కంట్రోల్, ఓ మీటలు కలిపి నొక్కితే తెరమీద కీబోర్డు కనిపించి ఏ మీట మీద ఏ అక్షరముందో చూపిస్తుంది. మీటల మీద అంటించే తెలుగు అక్షరాల స్టిక్కర్లూ దొరుకుతాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవాలంటే కంటికి కనబడని ఒక అక్షరం అవసరం. వర్డ్‌లో ఇంగ్లీషు కీబోర్డుకు మారి 200సీ అని కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ నొక్కితే అది పడుతుంది. నేను దానికి ఒక షార్ట్‌కట్ పెట్టుకున్నాను.

ఫాంట్ల దగ్గర కొత్త యంత్రం చాలామందిని కలవరపెడుతుంది. విండోస్ 11లో తెలుగుకు సిద్ధంగా ఉండేది నిర్మలా యూఐ. పాత పత్రాల్లో కనిపించే గౌతమి, వాణి ఫాంట్లు తెలుగు అనుబంధ ఫాంట్ల పేరుతో విడిగా ఉంటాయి. ఐచ్ఛిక సదుపాయాల జాబితాలో వాటిని చేర్చేదాకా పాత పత్రాల పేజీలు అటూ ఇటూ జరిగిపోయి కనిపిస్తాయి. మండలి, సురన్న, రామభద్ర, పెద్దన, ధూర్జటి, గిడుగు వంటి యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా తెలుగును తెలుగుగానే చూపే ప్రమాణం) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర వాడుతున్నాను. అచ్చులో రెండూ నిండుగా వస్తాయి.

డీటీపీ కేంద్రాల నుంచి వచ్చే అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం వేరే సంగతి. అవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన పాత పద్ధతివి. ఆ ఫాంటు లేని కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు, యూనికోడ్‌లోకి మార్పిడి చేసుకోవాలి. మార్చిన తర్వాత ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక మూలంతో పోల్చి ఒక్కసారైనా పూర్తిగా చదవడం తప్పదు. పాత పుస్తకాల ఫైళ్లు చాలా ఉన్నవారు కొత్తది రాగానే పాత కంప్యూటర్ను అమ్మేయకుండా, మార్పిడి పూర్తయ్యేదాకా ఉంచుకోవాలి.

14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరను 100 శాతం స్కేలింగ్ (తెరమీది అక్షరాల, బొమ్మల పరిమాణం) వద్ద వాడితే ఇంగ్లీషు చదవగలం గాని, తెలుగు ఒత్తులూ గుడులూ కంటికి ఆనవు. ‘థ’కూ ‘ధ’కూ తేడా ప్రూఫు చూసేవారికి ప్రాణసమానం. స్కేలింగ్‌ను 125 శాతానికి, చదువు ఎక్కువగా ఉన్నప్పుడు 150కి పెట్టుకోవాలి. క్లియర్‌టైప్ అమరికలో మన కళ్లకు నచ్చిన నమూనా ఎంచుకుంటే అక్షరపు అంచులు ఇంకా తేటపడతాయి. నా తెర వెలుగు 250 నిట్సే. గదిలో చాలు, వరండాలో పగటిపూట చాలదు. ఈ యంత్రంలో నాకు తృప్తి ఇవ్వని భాగం అదొక్కటే.

8 జీబీ ర్యామ్ మొదటి ఏడాది సరిపోయింది. అందులోంచి కొంత భాగం గ్రాఫిక్స్‌కు పోతుంది కనుక, బ్రౌజరు, వర్డ్, ఆన్‌లైన్ తరగతి కలిసి నడిచేటప్పుడు తడబాటు కనిపించింది. ఖాళీ స్లాటులో మరో 8 జీబీ వేయించాక ఆ తడబాటు పోయింది. కొనేముందు ఖాళీ స్లాటు ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. పలుచని నమూనాలు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు, తర్వాత పెంచుకునే దారి ఉండదు.

కొత్తదాన్ని మొదట ఎనిమిది గంటలు ఛార్జింగుకు పెట్టాలన్న మాట నేటికీ దుకాణాల్లో వినిపిస్తుంది. లిథియం అయాన్ బ్యాటరీకి ఆ అవసరం లేదు. పైగా ఎప్పుడూ నూరు శాతం వద్ద, వేడిలో ఉండడమే దానికి చేటు. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్లో ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే అమరిక ఉంటే మొదటి రోజే పెట్టుకోవాలి. బల్లమీద ప్లగ్గుకు తగిలించే ఎక్కువగా వాడినా, నా బ్యాటరీ ఈనాటికీ తొలి సామర్థ్యంలో ఎనభై శాతానికి పైగా నిలుపుకుంటోందని విండోస్ బ్యాటరీ నివేదిక చూపుతోంది. మే నెల ఎండల్లో ఫ్యాను చప్పుడు పెరుగుతుంది, పరుపుమీద పెట్టి వాడితే గాలి అందక ఇంకా పెరుగుతుంది. వేసవికి ముందు ఏటా ఒకసారి దుమ్ము తీయించడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు ఈ ధరలో కొత్తది కొనవలసి వస్తే ప్రాసెసర్ పేరును అన్నిటి తర్వాత చూస్తాను. ముందు చూసేవి 16 జీబీ ర్యామ్, కనీసం 300 నిట్స్ వెలుగున్న ఐపీఎస్ తెర (పక్కనుంచి చూసినా రంగులు అంతగా మారనిది), ఊళ్లోనో పక్క జిల్లా కేంద్రంలోనో సర్వీసు కేంద్రం. కొన్నాక మొదటి సాయంత్రం ఖాతా, కీ కాగితం, తెలుగు కీబోర్డు; మరునాడు పెన్‌డ్రైవ్ మీద రికవరీ డ్రైవ్ (విండోస్ తెరుచుకోకపోతే యంత్రాన్ని బాగుచేసుకునే సాధనం). సినిమాలూ ఆటలూ ఆ తర్వాత ఎక్కించుకోవచ్చు.