స్కైరిమ్: పన్నెండేళ్లు ఆడినా నేను ఏ పార్టీయో తేలలేదు

2013లో బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో స్కైరిమ్ అనే ఈ వీడియో గేమ్ మొదలుపెట్టాను. గదికి ముగ్గురం. ఉన్న ఒక్క ప్లగ్ పాయింట్ కోసం రోజూ పంచాయతీయే. ఆట అప్పటికే పాతది, 2011 నవంబర్ 11న వచ్చింది, అందుకే సేల్‌లో చవగ్గా దొరికింది. సెట్టింగులన్నీ కిందికి దించినా నా ల్యాప్‌టాప్ మిక్సీలాగా అరిచేది. ఆ తర్వాత ఎస్పీ రోడ్డులో తిరిగి తిరిగి సామాన్లు కొని సొంతంగా కంప్యూటర్ కట్టించుకున్నాను. 2016లో స్పెషల్ ఎడిషన్ వస్తే దానికి మారాను. పీజీ పోయింది, కాడుగోడిలో అద్దె ఇల్లు వచ్చింది, పెళ్లయింది, ఆట మాత్రం అట్లే ఉంది. తొమ్మిది వందల గంటలు దాటాయి. మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు ఆడాను, ఇప్పుడు నాలుగోసారి నడుస్తోంది.

డ్రాగన్ల గురించి, కొండల మీద మంచు గురించి చాలామంది రాశారు. నేను చెప్పేది ఇందులోని రాజకీయం గురించే. కథలో గుట్లన్నీ బయటపెట్టేస్తాను. ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

గేమర్లకు ఫ్యాక్షన్ అంటే ఆటలో మనం చేరే గుంపు. దొంగల గుంపు ఒకటి, మంత్రగాళ్ల కాలేజీ ఒకటి, అట్లా. నేను పుట్టింది కడప జిల్లాలో. మాకు ఆ మాట వినిపిస్తే గుర్తొచ్చేది వేరు. ఏ వీధిలో సైకిల్ దిగి నడవాలో, ఎవరింటి పెళ్లికి పోతే ఎవరు మాట్లాడటం మానేస్తారో చిన్నప్పుడే తెలిసిపోతుంది. అందుకే వైట్‌రన్ పట్నంలో అడుగుపెట్టిన కాసేపటికే ఒకాయన ఎదురొచ్చి, నువ్వు గ్రే-మేన్ల వైపా, బాటిల్-బార్న్‌ల వైపా అని అడిగేసరికి పగలబడి నవ్వాను. మావాళ్లు అయితే ఇంత నేరుగా అడగరు, ముందు ఇంటిపేరు అడుగుతారు.

ఆ రెండు కుటుంబాల గొడవే ఈ ఆట రాజకీయానికి మంచి నమూనా. ఒకప్పుడు స్నేహంగా ఉన్నవాళ్లు. అంతర్యుద్ధం వచ్చాక గ్రే-మేన్లు తిరుగుబాటుదారుల వైపు, బాటిల్-బార్న్‌లు సామ్రాజ్యం వైపు. గ్రే-మేన్ల కొడుకు థోరాల్డ్ కనిపించకుండా పోతాడు. చచ్చిపోయాడని ఊరంతా అంటుంది, తల్లి మాత్రం నమ్మదు. ఆధారం కోసం మనం బాటిల్-బార్న్‌ల ఇంట్లో దొంగతనంగా దూరితే ఒక ఉత్తరం దొరుకుతుంది. సామ్రాజ్యం సేనాపతి జనరల్ టులియస్ రాసింది. థోరాల్డ్‌ను నార్త్‌వాచ్ కోటకు తీసుకుపోయారు, ఇందులో థాల్మోర్ వాళ్లున్నారు (వీళ్లెవరో కింద చెబుతాను), ఇక మీదట వాకబు చేయొద్దు అని దాని సారాంశం. మొదటిసారి చదివినప్పుడు, వీళ్లకు అన్నీ తెలిసి దాచారు అనుకుని కోపమొచ్చింది. రెండోసారి ఆడినప్పుడు ఉత్తరం మొదటి వాక్యం దగ్గర ఆగిపోయాను. అది బాటిల్-బార్న్ అడిగిన ప్రశ్నలకు జవాబు. అంటే వీధిలో తిట్టుకుంటూ తిరిగే శత్రువే లోపల్లోపల ఆ పిల్లోడి గురించి ఆరా తీశాడు. ఆ సంగతి ఆట ఎక్కడా నోరు తెరిచి చెప్పదు. ఉత్తరం చేతికిచ్చి ఊరుకుంటుంది.

ఇప్పుడు పెద్ద గొడవకు వద్దాం. కథ జరిగేది నాలుగో యుగం 201లో. దానికి ముప్పై ఏళ్ల ముందు ఎల్ఫులనే వేరే జాతి రాజ్యం, పేరు ఆల్డ్‌మేరీ డొమినియన్, మనుషుల సామ్రాజ్యం మీదికి దండెత్తింది. నాలుగేళ్ల యుద్ధం. రాజధాని పోయి, మళ్లీ చేతికొచ్చినా, సైన్యం చితికిపోయింది. 175లో చక్రవర్తి టైటస్ మీడ్ సంధికి ఒప్పుకున్నాడు. షరతుల్లో ముఖ్యమైనది టాలోస్ పూజ మీద నిషేధం. టాలోస్ అంటే మనిషిగా పుట్టి దేవుడైనవాడు, ఆ సామ్రాజ్యాన్ని నిలబెట్టినవాడు. ఆ సామ్రాజ్యంలో భాగమైన స్కైరిమ్‌లో, అంటే మన కథ జరిగే చోట, ఉండే నార్డులకు ఇంటిదేవుడి లెక్క. డొమినియన్‌ను నడిపే పార్టీయే థాల్మోర్. నల్ల అంగీలు వేసుకున్న వాళ్ల మనుషులు స్కైరిమ్ దారుల వెంట తిరుగుతూ, రహస్యంగా పూజ చేసేవాళ్లను పట్టుకుపోతుంటారు. ఈ మంట మీదే విండ్‌హెల్మ్ జార్ల్, అంటే ఆ జిల్లాను ఏలే దొర, ఉల్ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్ తిరుగుబాటు లేపాడు. పెద్దరాజు టోరిగ్‌ను ద్వంద్వ యుద్ధానికి పిలిచి చంపాడు. మన కథ మొదలయ్యేసరికి తొమ్మిది జిల్లాల్లో నాలుగు ఇటు, నాలుగు అటు, మధ్యలో వైట్‌రన్ గోడ మీద.

నా తెనాలి రూమ్మేట్ మొదటి రోజు నుంచీ ఉల్ఫ్రిక్ పార్టీ. "ఇంట్లో దేవుడికి దండం పెట్టుకోవద్దంటే ఎవడైనా ఊరుకుంటాడా?" అనేవాడు. నేను సామ్రాజ్యం వైపు. వాడి వాదనలో బలముంది, కాదనను. కానీ విండ్‌హెల్మ్ గేటు దాటగానే కనిపించేది ఏమిటి? ఒక డార్క్ ఎల్ఫ్ ఆడమనిషిని నిలబెట్టి, మీరంతా గూఢచారులని తిడుతున్న మనిషి. అతను ఉల్ఫ్రిక్ కుడిభుజం గాల్మార్‌కు సొంత తమ్ముడు. డార్క్ ఎల్ఫుల పేట ఇరుకు సందుల్లో పాడుబడి ఉంటుంది. బల్లి జాతి ఆర్గోనియన్లనైతే అసలు ఊళ్లోనే ఉండనివ్వరు, రేవు దగ్గర బతకాలి. మారతహళ్లిలో ఇల్లు వెతుక్కుంటూ, మాంసం వండుతారా, ఏమోళ్లు, ఎంతమంది అని అడిగించుకుని తిరిగిన రోజులవి. ఆ పేట చూసి మనసు చివుక్కుమంది. అవతలి పక్షం కడిగిన ముత్యమా అంటే అదీ కాదు. సామ్రాజ్యం చేతిలో ఉన్న సాలిట్యూడ్ పట్నంలో అడుగుపెట్టగానే తల నరికే దృశ్యమే. పాపం ఉల్ఫ్రిక్‌కు గేటు తీసిన కాపలావాడు.

ఇట్లా ఒకరిదొకరు ఎత్తిచూపుకుంటూ కూర్చోవచ్చు, చాలామంది అట్లాగే కూర్చుంటారు. ఆ వాదన మొత్తాన్ని తలకిందులు చేసేది ఒక కాగితం. అది దొరికేది థాల్మోర్ రాయబార కార్యాలయంలో.

ఆ క్వెస్ట్, అంటే ఆటలో మనకు అప్పగించే పని, నాకు ఈ ఆట మొత్తంలోకి ఇష్టం. విందుకు వచ్చిన అతిథిలా లోపలికి పోవాలి, ఆయుధాలు ఉండకూడదు, సామాన్లు వంటింటి మనిషి దాచి తెచ్చిపెడతాడు. నాలుగు కబుర్లు చెప్పి, తాగుబోతు రాజెలాన్‌కు ఒక గ్లాసు అందించి గోల చేయిస్తే, అందరూ అటు చూస్తున్నప్పుడు వెనక తలుపులోంచి జారుకోవచ్చు. లోపలి గదుల్లో వెతుక్కున్నది డ్రాగన్ల గురించిన సమాచారం. పక్కనే ఉల్ఫ్రిక్ పేరు మీద ఇంకో ఫైలు.

అందులో ఉన్న విషయం ఇది. పాత యుద్ధంలో ఉల్ఫ్రిక్ సామ్రాజ్యపు సైనికుడిగా వీళ్లకు బందీగా చిక్కాడు. నువ్వు చెప్పిన సమాచారం వల్లే రాజధాని పడిపోయింది అని అతన్ని నమ్మించారు. నిజానికి రాజధాని అప్పటికే పడిపోయింది. ఆ నేరభావం మనసులో నాటి, తప్పించుకునేట్టు దారి వదిలారు. అప్పటి నుంచి అతను వాళ్ల లెక్కల్లో పనికొచ్చే సరుకు. దీన్ని చదివి చాలామంది, ఉల్ఫ్రిక్ థాల్మోర్ గూఢచారి అని తేల్చేస్తారు. అది తప్పు. మార్కార్త్ అనే పట్నంలో జరిగిన గొడవ తర్వాత అతను నేరుగా మాట వినడం లేదని అదే ఫైల్లో రాసి ఉంది. అతను అమ్ముడుపోలేదు. వాళ్లకు ఉపయోగపడుతున్నాడు, అంతే, తనకు తెలియకుండానే. అసలు ముల్లు చివరి పేరాలో ఉంది. సామ్రాజ్యం గెలవడం మాకు నష్టం, అట్లాగని తిరుగుబాటుదారులూ గెలవకూడదు, యుద్ధం ఎటూ తేలకుండా సాగుతున్నన్నాళ్లూ చేయి పెట్టొద్దు అని.

అది చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయాను. మా ఊళ్లో రెండు పార్టీల మధ్య కేసులు నడిచిన కాలంలో, లాయర్ ఖర్చులకు ఇద్దరికీ అప్పులిచ్చింది ఒకే షావుకారు. మా జేజినాయన ఎప్పుడూ కత్తి పట్టినోళ్లను తిట్టేవాడు కాదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ షావుకారు మిద్దె వైపు చూస్తూ, "ఇద్దరిలో ఎవుడు రాజీకొచ్చినా ఆ మిద్దె మీద రెండో అంతస్తు లేవదప్పా" అనేవాడు. ఎలెన్వెన్ అనే ఆ థాల్మోర్ దొరసాని బల్ల ముందు నిలబడితే నాకు ఆ మిద్దే కనిపించింది.

ఆ రాత్రే కొత్త క్యారెక్టర్‌తో ఆట మొదటి నుంచి మొదలుపెట్టాను. హెల్గెన్ అనే ఊళ్లో మనల్ని బండి మీద తల నరకడానికి తీసుకుపోతుంటారు. టులియస్ గుర్రం మీద ఉంటాడు. పక్కన థాల్మోర్ వాళ్లు కూడా ఉన్నారని బండిలో ఉన్న తిరుగుబాటుదారుడు రాలోఫ్ గొణుగుతాడు. నేను మొదటిసారి ఆ మాట వినను కూడా వినలేదు. అక్కడ గుర్రం మీదున్నది ఎలెన్వెనే. ఉల్ఫ్రిక్ తల తెగితే యుద్ధం ఆగిపోతుంది, కాబట్టి అతన్ని బతికించుకోవడానికి వచ్చింది. ఆట మొదలైన మొదటి నిమిషాల్లోనే కళ్లముందు పెట్టి, ఇరవై ముప్పై గంటల తర్వాత దాని అర్థం ఒక కాగితంలో చెప్పారు. ఇంత ఓపికగా అల్లిన కుట్ర ఆటల్లో నాకు మళ్లీ దొరకలేదు.

ఇక తిట్లు.

ఆ ఫైలు సంచిలో పెట్టుకుని ఉల్ఫ్రిక్ సింహాసనం ముందు నిలబడ్డాను. ఒక్క డైలాగ్ రాదు. టులియస్‌కు చూపిద్దామన్నా దారి లేదు. మా రూమ్మేట్‌కే చూపించాను, వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆట లోపలివాళ్ల కంటే వాడే నయం. రాజకీయం ఇంత బాగా రాసినవాళ్లు దాన్ని వాడుకునే అవకాశం ఆడేవాడికి ఎందుకివ్వలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తిరుగుబాటుదారుల వైపు ఆడితే చివర్లో, ఓడిపోయి మోకాళ్ల మీదున్న టులియస్ చెబుతాడు, వాళ్లకు కావలసింది ఇదే కదా అని. అప్పటికి చెప్పి ఏం లాభం.

యుద్ధం క్వెస్టులైతే మరీ పేలవం. కోట, కోట, ఇంకో కోట. శత్రుబలం ఇంత శాతం మిగిలిందని అంకె తగ్గుతుంటుంది, సున్నా అయితే గెలిచినట్టు. ఒకవైపు పదిమంది, మరోవైపు పదిమంది, దాన్ని మహాయుద్ధం అంటారు. వైట్‌రన్ ముట్టడి ఒక్కటే కాస్త ఒళ్లు ఝల్లుమనిపిస్తుంది. సివిల్ వార్ ఓవర్‌హాల్ అనే మోడ్, అంటే ఆటను మార్చడానికి అభిమానులు చేసిన అతుకు, వేసి చూశాను. కొంత మేలే, కానీ నా సేవ్ రెండుసార్లు చెడిపోయింది. ఇంకో ఘోరం, హంతకుల గుంపులో చేరి సాక్షాత్తూ చక్రవర్తినే ఓడలో చంపవచ్చు. చంపాను. మర్నాడు టులియస్ దగ్గరికి పోతే అదే బల్ల, అదే మ్యాపు, అదే మనిషి. మా ఆఫీసులో మేనేజర్ మారితే ఇంతకంటే ఎక్కువ కలకలం రేగుతుంది.

డ్రాగన్లను వేటాడే బ్లేడ్స్ అనే గుంపు గురించి ఎక్కువ చెప్పను. వాళ్లకు పాత పగ ఒకటే దారి. మనకు విద్య నేర్పిన ముసలి డ్రాగన్ పార్థర్నాక్స్‌ను చంపితేనే సాయం చేస్తామంటారు. మూడుసార్లు ఆడినా మూడుసార్లూ చంపలేదు. వాళ్ల సాయం లేకుండానే నా పని నడిచింది.

ఈ లోపాలన్నిటినీ కాస్త పూడ్చేది కొండ మీద జరిగే రాయబారం. అంతర్యుద్ధం తేల్చకుండా ప్రధాన కథలో ముందుకు పోతేనే ఇది వస్తుంది, కాబట్టి కొత్తగా ఆడేవాళ్లు తొందరపడి యుద్ధం ముగించకండి. డ్రాగన్‌ను పట్టడానికి వైట్‌రన్ జార్ల్ బాల్‌గ్రూఫ్ కోట కావాలి. రెండు పక్షాలూ ఆగితే తప్ప ఇవ్వనంటాడు. సరే అని కొండ మీది మఠం హై హ్రోత్‌గార్‌లో అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెడతారు. పిలవని పేరంటానికి ఎలెన్వెన్ కూడా హాజరు. ఆమె ఉంటే నేను కూర్చోనని ఉల్ఫ్రిక్ లేస్తాడు. ఉంచాలా, పంపాలా అన్నది మన చేతిలో ఉంటుంది. మార్కార్త్ మాకిమ్మని ఒకరు, బదులుగా రిఫ్టెన్ మాకిమ్మని ఇంకొకరు. మార్కార్త్ చేతులు మారితే అక్కడ గద్దెనెక్కేది వెండి గనులున్న సిల్వర్-బ్లడ్ కుటుంబం. రిఫ్టెన్ చేతులు మారితే దొంగల గుంపును వెనకుండి నడిపించే సారా వ్యాపారి మావెన్ బ్లాక్-బ్రయర్. ఏ జెండా ఎగిరినా లోపల డబ్బున్నవాడే కూర్చుంటాడని ఆట ఉపన్యాసం ఇవ్వదు, ఊళ్లోకి పోయి చూసుకోమంటుంది. మూడోసారి ఆడినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో, ఆ బల్ల దగ్గర సేవ్ చేసి అన్ని బేరాలూ ఒకటొకటిగా ఆడి చూశాను. నాలుగు రాత్రులు పట్టింది. మా ఆవిడ ఒకసారి వెనక నిలబడి చూసి, "ఇంతసేపూ వీళ్లు కూర్చుని మాట్లాడుకోవడమేనా?" అని వెళ్లిపోయింది.

ఆమె అడిగింది న్యాయమే. ఈ ఆటలో కత్తి తిప్పడం మొద్దుగా ఉంటుంది, ముఖాలు కొయ్యబొమ్మల్లా ఉంటాయి, అప్పుడప్పుడు గుర్రం గోడ మీద నిలబడుతుంది. పుస్తకాలు, ఉత్తరాలు చదవకుండా దాటేసేవాళ్లకు ఇందులో రాజకీయం కనిపించదు, కొట్లాట కోసమే అయితే డబ్బు వేరే ఆట మీద పెట్టుకోవడం మేలు. చదివేవాళ్లు మాత్రం సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, దారిలో కనిపించిన ప్రతి కాగితమూ విప్పండి. ఉల్ఫ్రిక్ మార్కార్త్‌లో చేసిన దారుణాల గురించి ఒక పుస్తకం దొరుకుతుంది. నమ్మే ముందు అది రాసింది సామ్రాజ్యం వైపు పండితుడని గుర్తుపెట్టుకోండి.

నాలుగోసారి మొదటిసారిగా ఉల్ఫ్రిక్ పక్షాన చేరాను. రూమ్మేట్ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, ఫోన్ చేసి చెబితే "ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందిరా" అన్నాడు. ఉల్ఫ్రిక్ తన గొడ్డలి నా చేతికిచ్చి బాల్‌గ్రూఫ్‌కు అందించమన్నాడు. ఆయన ఉంచుకుంటే పొత్తు, తిప్పి పంపితే యుద్ధం. తిప్పే పంపుతాడని నాకు తెలుసు. నెల రోజులుగా ఆ గొడ్డలి నా సంచిలోనే ఉంది, నేను వైట్‌రన్ గేటు ముందు నుంచి చేపలు పట్టడానికి పోతున్నాను.